వలందులు ఎవరో చెప్పే బోర్డు ఒకటి పెట్టించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బందరు నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం అండి.

నాది బందరు. కాగితం మీద మచిలీపట్నం అని రాస్తాం గానీ బస్టాండులో నిలబడి ఆ మాట అనేవాళ్ళు నాకు ఇంతవరకూ కనపళ్ళేదు, కండక్టరు కూడా బందరు బందరు అనే అరుస్తాడు. ఉద్యోగం విజయవాడలో, పండక్కీ పబ్బానికీ ఇంటికి వస్తుంటాను. మొన్న సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు జరిగిన సంగతి మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నా, కాస్త పెద్దదే అవుద్ది, కారులో వెళ్ళేటప్పుడైనా చదవండి.

మా మేనల్లుడు ఎనిమిదో తరగతి. కనుమ మర్నాడు బండి మీద వెనకాల కూర్చుని వెళ్తూ వెళ్తూ "మావయ్యా, వలందపాలెం అంటే ఏంటి, వల వేసేవాళ్ళ పాలెమా?" అన్నాడు. నేను బ్రేకు వేసినంత పని చేశా, ఎందుకంటే నలభై ఏళ్ళుగా ఆ పేరు వింటున్నా నాకూ ఆ డౌటు ఎప్పుడూ రాలేదు, వచ్చినా అడగలేదు. కాలేజీలో ఉన్నప్పుడు ఎవరో మాస్టారు చెప్పిన ముక్క గుర్తొచ్చింది, వలందులు అంటే డచ్చి వాళ్ళురా అని. హాలండు వాళ్ళు, మన నోట్లో పడి వలందులు అయ్యారు. మరి పరాసుపేట? పరాసులు అంటే ఫ్రెంచి వాళ్ళు. ఇంగ్లీషుపాలెం సంగతి విడిగా చెప్పక్కర్లేదు. ఇంకా బుడతకీచులు అంటే పోర్చుగీసు వాళ్ళు అని చెప్పేసరికి వాడు బండి మీద పడీ పడీ నవ్వాడు, అది తిట్టనుకున్నాడంట.

మూడు దేశాల వాళ్ళు వచ్చి మా ఊళ్ళో మూడు పేటలు వదిలిపోయారు, మేం వాటిల్లో కూరగాయలు కొనుక్కుంటున్నాం. ఇదంతా చెప్తే వాడు "ఆ వలందులు ఇప్పుడు ఎక్కడున్నారు?" అన్నాడు. ఉన్నారు, చూపిస్తా పద అని డచ్చి సమాధుల దగ్గరికి తీసుకెళ్ళా.

అక్కడికి వెళ్ళడం నాకూ రెండోసారే. నీలం బోర్డు ఉంటుంది కదా, ఇది రక్షిత కట్టడం, పాడు చేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా అని, ఆ చట్టం సంగతి దేశంలో ఏ పాత కట్టడం దగ్గరికి వెళ్ళినా చదువుకోవచ్చు. లోపల పడుకున్నది ఎవరు, ఎందుకొచ్చారు, ఏం చేశారు అనేది మాత్రం మాబోటి వాడికి అర్థమయ్యే తెలుగులో నాకెక్కడా కనపళ్ళేదు. చెయ్యకూడనివి తెలుస్తాయి, చూడాల్సింది తెలీదు. నేను ఎవర్నీ తప్పు పట్టడానికి రాయట్లేదండి, ఆ గడ్డీ ఆ గోడా ఆ రాళ్ళూ ఇవాళ ఉన్నాయంటేనే ఎవరో కాపాడబట్టి ఉన్నాయి.

రాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మా బందర్లో ఎక్కడ తవ్వినా నల్లమట్టి, ఇంకాస్త తవ్వితే ఉప్పునీళ్ళు. రాయి అనేది దొరకదు. అలాంటి చోట ఇంతింత నల్లరాతి పలకలు ఎక్కణ్ణుంచో తెప్పించి, మీద శిరస్త్రాణం, దాని చుట్టూ ఆకులు తీగెలు, మధ్యలో డాలు, డాలు మీద ఆ ఇంటివాళ్ళ గుర్తు, కింద అక్షరాలు, ఇంత పనితనం చెక్కించారు. చెక్కింది ఎవరు? ఆ భాష రాని మనవాళ్ళేనా? అక్షరం అర్థం కాకుండానే వంపు కూడా పోకుండా దింపారా? నేనక్కడ చాలాసేపు ఇదే ఆలోచిస్తూ నిలబడ్డా.

మధ్యాన్నం ఎండలో అయితే రాయి మీద ఏమీ కనపడదు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడుతుంటే అక్షరాలు లేచి నిలబడతాయి. మాకు టైము సరిపోక వాడు ఫోను టార్చి వేసి రాయికి దాదాపు ఆనించి అడ్డంగా పట్టుకున్నాడు, నీడ పడి అక్షరాలు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. (ముగ్గుపిండి రాస్తే బాగా కనిపిస్తాయి కదా మావయ్యా అన్నాడు గానీ వద్దన్నా, రాయి పాడవుద్ది.) డచ్చి సమాధుల మీద మామూలుగా "హీర్ లైట్ బెగ్రావెన్" అని మొదలవుద్ది, ఇక్కడ పాతిపెట్టి ఉన్నాడు అని అర్థం. వాడు కూడబలుక్కుని చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి "ఓ, యు, టి... అవుట్ అంట మావయ్యా! అవుట్ అయిపోయాడనా?" అన్నాడు. పాత డచ్చిలో ఔట్ అంటే వయసు అండి, ఇన్నేళ్ళ వయసు అని చెప్పడానికి రాస్తారు. నేనూ ఫోన్లో వెతికాకే తెలుసుకున్నా. అయినా వాడన్న అర్థం కూడా తప్పేం కాదు కదా, అని ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత అక్కడ నవ్వకూడదేమో అని ఊరుకున్నాం.

వాడికి నేను చెప్పింది ఇంతే. 1602లో హాలండులో ఒక కంపెనీ పెట్టారు, 1605లో ఆ కంపెనీ వాళ్ళు బందరులో కోఠీ, అంటే సరుకు కొని దాచుకునే వర్తక స్థావరం, తెరిచారు. అప్పటికి మనం గోల్కొండ సుల్తానుల కింద ఉన్నాం, గోల్కొండకి సముద్రం మీద గుమ్మం బందరే. తర్వాత 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు వాళ్ళు దిగారు, 1669లో ఫ్రెంచి వాళ్ళు. వీళ్ళందరికీ ఏం కావాలి? గుడ్డ. మన అద్దకం గుడ్డ. డచ్చి వాళ్ళకి అసలు ఆశ లవంగాలు, జాజికాయ, జాపత్రి మీద, అవి దొరికేది ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో, అక్కడివాళ్ళు ఆ సరుకుకి బదులు అడిగేది మన గుడ్డలు. కాబట్టి ముందు ఇక్కడికొచ్చి గుడ్డ కొనాలి, అక్కడ అది ఇచ్చి లవంగాలు తెచ్చుకోవాలి. అంటే వాళ్ళింట్లో జాజికాయ వాసన రావాలంటే ఇక్కడ మన నేతగాడి మగ్గం ఆడాలి, చిరివేరు తవ్వి ఎర్రరంగు తీయాలి, నీలిమందు నానాలి. మా పక్కనే పెడనలో ఇవాళ్టికీ అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. వాడికి అక్కడ లైటు వెలిగింది, ఎందుకంటే వాడి క్లాసులో సగం మందికి పెడనలో చుట్టాలున్నారు.

ఓడలు మాత్రం ఒడ్డు దాకా వచ్చేవి కావు, లోతు చాలక సముద్రంలో మైళ్ళ దూరాన లంగరు వేసుకుని ఉంటే సరుకంతా పడవల్లో మోయాల్సిందే. ఆ పడవ నడిపినవాళ్ళకి, ఆ గుడ్డ నేసినవాళ్ళకి, రెండు భాషలూ తెలిసి బేరం కుదిర్చిన దుబాసీలకి ఇక్కడ రాయి లేదు. అదొకటి నాకు గుచ్చుకుంటుంది. ఇంకో సంగతి, ఈ కంపెనీవాళ్ళు మరీ పుణ్యాత్ములేం కాదు, కరువొచ్చినప్పుడు ఈ తీరం నుంచి మనుషుల్ని కొని బానిసలుగా ఓడలెక్కించినవాళ్ళు. పిల్లలకి చరిత్ర చెప్పేటప్పుడు శిరస్త్రాణం చూపించి ఈ ముక్క మింగెయ్యడం నాకిష్టం లేదు. బోర్డు పెడితే ఇది కూడా ఉండాలి.

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఆపింది. శ్మశానానికి వెళ్ళొచ్చి అలాగే లోపలికి వస్తారా అని ఇద్దర్నీ పెరట్లో నూతి దగ్గర నిలబెట్టి చన్నీళ్ళు కుమ్మరించింది, జనవరి నెల అండి. వాడు వణుకుతూ "అమ్మమ్మా, వాళ్ళు పోయి మూడొందల ఏళ్ళు దాటింది, ఇంకా మైలేనా?" అన్నాడు. మా అమ్మ ఒక్క క్షణం ఆలోచించి "మనవాళ్ళు కాదు కాబట్టి పట్టింపు లేదు గానీ తల తుడుచుకో" అంది.

ఇక అసలు విషయానికి వస్తా. ఆ తర్వాత నేను ఒక ఆఫీసుకి వెళ్ళి ఈ సమాధుల వివరాలు తెలుగులో కాగితం ఏమైనా ఉందా అని అడిగా. ఏ ఆఫీసో చెప్పను, అక్కడాయన మంచివాడే, టీ కూడా ఇప్పించాడు. కానీ "శ్మశానంలో ఏం చూస్తారు సార్, బీచికి వెళ్ళండి" అన్నాడు. మంగినపూడి బీచికి మేం ఎలాగూ వెళ్తాం, అక్కడికి దారి ఎవరూ చెప్పక్కర్లేదు.

సమాధుల స్థలం కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, రాష్ట్రం చేసేదేం లేదు అని మీ వాళ్ళు ఫైలు మీద రాస్తారని నాకు తెలుసు. గోడ లోపల ఇటుక కదపమని నేను అడగట్లేదు. గోడ బయట, రోడ్డు మీద, ఊరి పేటల్లో చెయ్యాల్సిన పని చాలా ఉంది, అదంతా మీ చేతిలోనిదే.

మొదటిది ఆ రాళ్ళు తెలుగులో చదివి పెట్టించండి. ఇందులో సగం పని ఎప్పుడో అయిపోయింది. అలెగ్జాండర్ రీ అని పురావస్తు శాఖ ఆఫీసరు మద్రాసు ప్రెసిడెన్సీలో డచ్చి కంపెనీ వదిలిపోయిన కట్టడాలు, సమాధులు తిరిగి చూసి, బొమ్మలు గీయించి, 1897లోనే అచ్చు వేశాడు, మన బందరు కూడా అందులో ఉంది. డచ్చి కంపెనీ కాగితాల్ని యునెస్కో 2003లో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో పెట్టింది, వాటిల్లో కొన్ని చెన్నై ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి, రాత్రి రైలెక్కితే పొద్దున్నకి చేరే దూరం. డచ్చి చదవగలిగిన ఒక మనిషినీ, తెలుగు బాగా రాసే ఒక మనిషినీ ఒక నెల కూర్చోబెడితే చాలు. ఏ రాయి ఎవరిది, ఏ సంవత్సరం, ఏం పని చేసేవాడు, ఎన్నేళ్ళకి పోయాడు. రాయి దగ్గర కుదరకపోతే గేటు బయట పెట్టండి. దయచేసి గూగుల్లో వేసి మార్చిన తెలుగు మాత్రం పెట్టొద్దు, ఇక్కడ పాతిపెట్టబడియున్న పెద్దమనిషి యొక్క అని మొదలయ్యే బోర్డు కంటే ఏమీ లేకపోవడమే నయం.

రెండోది నడక. ఆదివారం పొద్దున్న ఆరింటికి, ఎండ ముదరకముందే. వలందపాలెంలో మొదలుపెట్టి, సమాధులు చూసి, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. సెయింట్ మేరీస్ చర్చి దగ్గర అరబెల్లా కథ చెప్పాలి, అది చెప్పకపోతే బందరువాళ్ళు ఒప్పుకోరు, ఒక తెల్లదొర తను ప్రేమించిన ఆ పిల్ల చనిపోతే శవాన్ని అద్దాల పెట్టెలో దాచుకున్నాడని మా చిన్నప్పుడు చెప్పేవాళ్ళు, కథలో ఎంత నిజమో దేవుడికెరుక, కథ కథగానే చెప్పండి. ఆ తర్వాత ఆటో ఎక్కించి బందరు కోట. 1759లో ఇంగ్లీషువాళ్ళు రాత్రిపూట మీదపడి ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్న కోట అది, దాంతో ఈ తీరంలో ఫ్రెంచివాళ్ళ పని అయిపోయింది. అక్కడే నిలబడి 1864 ఉప్పెన గురించి కూడా చెప్పాలి. ఆ నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చి ముప్ఫై వేల మంది దాకా పోయారు. మా నాయనమ్మ 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి, 1864 కథలు ఆవిడ వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్నదట, రెండూ ఒకదాంట్లో ఒకటి కలిపేసి చెప్పేది. ముప్ఫై వేల మందికి పేర్లున్న రాళ్ళు ఎక్కడున్నాయండి? ఎవరో పరదేశి పోతే డాలూ శిరస్త్రాణం చెక్కారు, ఊరు ఊరంతా పోతే చెప్పుకోవడానికి నాయనమ్మలే మిగిలారు.

ఈ నడకకి బయటి నుంచి గైడుల్ని తేవద్దు. మా ఊళ్ళో డిగ్రీ కాలేజీలున్నాయి, 1843లో రాబర్ట్ నోబుల్ దొర పెట్టిన బడి ఇవాళ నోబుల్ కాలేజీ. ఆయన మద్రాసు వెళ్ళిపోకుండా, ఇంగ్లండుకి పోకుండా, ఉప్పెన కూడా చూసి 1865లో ఇక్కడే పోయాడు. హిస్టరీ చదివే పిల్లల్లో పదిమందికి ట్రైనింగు ఇచ్చి, వారానికి ఇంతని డబ్బులు ఇప్పించండి, ఊరికే సేవ చెయ్యమనకండి. నడక చివర్లో లడ్డూ తినిపిస్తే టూరిస్టులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, ఆ విషయంలో మీకు గ్యారంటీ నాది.

ఇది ఒక్క బందరు గొడవే కాదు. భీమిలిలో, కాకినాడ జగన్నాథపురం వైపు, పాలకొల్లులో, నరసాపురంలో ఈ వలందులు తిరిగిన చోట్లున్నాయి, 1825 నాటికి అన్నీ ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. హైదరాబాదులో చూడండి, నిజాం దగ్గర పనిచేసిన రేమండ్ అనే ఫ్రెంచి సేనాని 1798లో చనిపోతే కట్టిన సమాధి మండపం 2001లో వానకి కూలిపోయింది, మళ్ళీ నిలబెట్టారు. ఆ మూసారాంబాగ్ పేరులోని మూసారాం ఆయనేనని చెప్తారు. అక్కడ రేమండ్ మూసారాం అయ్యాడు, ఇక్కడ హాలండు వలందు అయ్యింది, మనవాళ్ళ నాలుక ఎవర్నీ పరాయిగా ఉండనివ్వలేదు.

కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి, సంతోషం. రేపు ఓడలు వస్తే వాటితో పాటు ఏదేదో దేశాలవాళ్ళు దిగుతారు, ఇంతకు ముందు ఎవరొచ్చారయ్యా ఇక్కడికి అని అడుగుతారు. అప్పుడు మా మేనల్లుడికి పాతికేళ్ళుంటాయేమో, వాడు చెప్తాడు, వాడు నోట్సులో రాసుకున్నాడు. వాడి నోట్సులో ఒక పేజీ ఖాళీగా ఉంది, "ఈ రాయి ఎవరిది?" అని పైన రాసి కింద గీతలు గీసి పెట్టాడు. ఆ పేజీ మీరు నింపించాలి.

ఎప్పుడైనా ఈ వైపు వస్తే కబురు చెయ్యండి, నేను సెలవు పెట్టుకుని వచ్చి దగ్గరుండి చూపిస్తా. తర్వాత మా ఇంటికి టిఫినుకి రండి, కాకపోతే లోపలికి వచ్చే ముందు మా అమ్మ నూతి దగ్గరికి వెళ్ళమంటుంది, మంత్రి గారైనా ఊరుకోదు, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఒక బందరు మనిషి