తాతమ్మ చేసిన పని

అమ్ములూ,

నాన్న ఆశీస్సులు. నీకు సర్జరీలో పీజీ సీటు వచ్చిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. మొన్న మీ అమ్మ చెప్పిన మాట విన్నాక ఇక ఉండబట్టలేదు. హాస్టల్లో ఎవరో మీ పెద్దవాళ్లు ఏం చేసేవారని అడిగితే, తాతగారిది ఏదో వ్యాపారమని చెప్పావట. నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. నీ వయసులో నేనూ అదే చెప్పాను, చాలాసార్లు. మా నాన్న గడ్డాలు గీసే కత్తుల పొది పట్టుకుని వీధిలో ఎదురొస్తుంటే, పక్కన స్నేహితులున్నారని సందులోకి తప్పుకున్నాను. ఆయన చూశాడు. ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు.

మీ తాత గడ్డాలు గీసేవాడు, పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాడు, సెగగడ్డలు కోసి కట్టు కట్టేవాడు. ఆయన తల్లి, నీకు తాతమ్మ, మంత్రసాని. ఈ పనులకు ప్రతిఫలంగా కళ్లాల్లో రైతులు కొలిచే మేర గింజలతోనే ఇల్లు గడిచేది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పెద్దింటి పాలేరు వచ్చి తలుపు కొట్టాడు. నాయనమ్మ లేచి, గోళ్లు తడిమి చూసుకుని, కొప్పు బిగించి, లాంతరు నా చేతికిచ్చింది. మమ్మల్ని పెరటి దారిన రమ్మన్నారు. నేను బావిగట్టు మీద కూర్చున్నాను. బిడ్డ అడ్డం తిరిగిందని లోపల ఒకటే ఏడుపులు. నాయనమ్మ గొంతు మాత్రం ఒక్కసారీ పెరగలేదు. చేతులకు ఆముదం రాసుకుని, పొట్ట మీద నెమ్మదిగా సవరిస్తూనే ఉందట. కోడి కూసే వేళకు పసివాడి ఏడుపు వినిపించింది. చేటలో బియ్యం పోశారు. పాత చీర ఒకటి అరుగు మీంచి కిందకు వేశారు, చేతికి ఇవ్వలేదు. ఆవిడ నడిచిన మేర నీళ్లు చల్లుకుంటూ రావడం వెనక్కి తిరిగి చూశాను. ఆ పిల్లవాడే పెద్దయ్యాక ఆవిడను ‘ఒసే’ అని పిలిచేవాడు.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. తప్పించుకోలేని రోత పని నెత్తిన పడితే జనం విసుక్కుంటూ అనే మాట అది. ఎమర్జెన్సీ వార్డులో నిలబడినప్పుడు ఆ సామెత గుర్తుచేసుకో. నీ వృత్తి ధర్మం మొత్తం అందులో ఉంది.

ఒళ్లు తాకడం, నెత్తురు ముట్టడం నీచమనే భావన మన దగ్గర పాతదే. మనుస్మృతి నాలుగో అధ్యాయం వైద్యుడి ఇంటి అన్నం చీముతో సమానమంటుంది. కోసే చేతులూ కాన్పు చేసే చేతులూ ఏ ఇళ్ల నుంచి వచ్చాయో చూస్తే, ఆ మాట ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. 1794లో లండన్‌లోని ఒక పత్రిక పుణె దగ్గర జరిగిన శస్త్రచికిత్సను బొమ్మతో సహా అచ్చువేసింది. టిప్పు సుల్తాన్ సైనికులు ముక్కు కోసేసిన కోవాస్‌జీ అనే బండివాడికి, నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టారు. అది చదివి, 1814లో కార్ప్యూ అనే సర్జన్ లండన్‌లో అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. కార్ప్యూ పేరు మీ ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలో ఉంటుంది. రోగి పేరు కూడా ఉంది. కోసినవాడి గురించి మాత్రం ఇటుకలు చేసే కులంవాడని రాసి వదిలేశారు. ఈ ఒక్క విషయం నన్ను ఎన్నాళ్లు బాధపెట్టిందో చెప్పలేను.

ఇదంతా మన దేశపు జబ్బే అనుకునేవాణ్ణి. యూరప్‌లోనూ లాటిన్ చదివిన వైద్యుడు కత్తి ముట్టేవాడు కాదు. 1215లో చర్చి, మతాచార్యులు కోతలూ వాతలూ చేయకూడదని నిషేధించింది. శరీరాన్ని కోసి చూపే పాఠంలో పండితుడు ఎత్తయిన కుర్చీలో కూర్చుని పుస్తకం చదివేవాడు. కింద కోసేవాడు చాలాసార్లు క్షురకుడే. లండన్‌లో 1540లో క్షురకులనూ సర్జన్లనూ ఒకే సంఘంలో చేర్చారు. 1745లో గానీ సర్జన్లు విడిపోలేదు. నేటికీ అక్కడ సర్జన్‌ను ‘డాక్టర్’ అనకుండా ‘మిస్టర్’ అనడం ఆ రోజుల గుర్తే.

ఫ్రాన్సులో ఆంబ్రోయిజ్ పారే అనే సర్జన్ మన క్షురక పని నేర్చుకునే జీవితం మొదలుపెట్టాడు. 1537లో యుద్ధంలో తుపాకి గాయాలకు కాగే నూనె పోయడం ఆనవాయితీ. నూనె అయిపోయింది. గుడ్డుసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి రాశాడు. తాను నూనె పోయనివాళ్లు తెల్లారేసరికి చచ్చిపడి ఉంటారన్న భయంతో ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. పొద్దున్నే లేచి చూస్తే వాళ్లు నెమ్మదిగా ఉన్నారు, నూనె పోసినవాళ్లు జ్వరంతో, వాపుతో మూలుగుతున్నారు. లాటిన్ రాదని పండితులు ఎంత ఈసడించినా తన అనుభవాలను ఫ్రెంచిలోనే రాశాడు. తర్వాత నలుగురు రాజులకు వైద్యం చేశాడు.

తాతమ్మను దేవతను చేయడానికి ఇదంతా రాయడం లేదు. మా చెల్లెలు పుట్టిన ఎనిమిదో రోజున ధనుర్వాతంతో పోయింది. బొడ్డు కోసింది నాయనమ్మే, ఇంటి కొడవలితోనే. దాన్ని నీళ్లలో మరిగించాలని ఆవిడకు చెప్పినవారు లేరు. ఆ తర్వాత ఆవిడ చాలా రోజులు కాన్పులకు వెళ్లలేదు. పిలుపు వస్తే దూలం వంక చూస్తూ కూర్చునేది. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో చేతులు కడుక్కోమని పట్టుబట్టేదాకా, వైద్య విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే కాన్పులు చేసేవారు. అక్కడ మంత్రసానుల వార్డులో కంటే వాళ్ల వార్డులోనే తల్లులు ఎక్కువగా చనిపోయేవారు. తెలియకపోవడం రెండు చోట్లా ఉంది. ఒకరికి పట్టాలు, గౌరవం దక్కాయి. ఇంకొకరి అడుగుజాడల మీద నీళ్లు చల్లారు.

సుశ్రుతుడు శిష్యులకు కోత నేర్పడానికి గుమ్మడికాయలు, దోసకాయలు ఇచ్చేవాడట. మా నాన్న నాకు కత్తి పట్టు నేర్పింది కుండ మీద. కుండంతా సబ్బు నురగ రాసి, గీత పడకుండా తీయమనేవాడు. గీత పడితే కడిగించి మళ్లీ రాయించేవాడు. నాకు ఆ చేయి రాలేదు, బడిపంతులునయ్యాను. చిన్నప్పుడు మామిడికాయ తొక్కు నువ్వు ఒకే పొరగా తీస్తుంటే ఆయన నీ వేళ్ల వంకే చూస్తూ ఉండిపోవడం నాకు బాగా గుర్తు.

పొది నా బీరువాలో భద్రంగా ఉంది. సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను, తోలుపట్టీ ఒక్కటే ఎండి చిట్లింది. ఆపరేషన్ థియేటర్లో మొదటిసారి కత్తి నీ చేతికిచ్చిన రోజున చేయి వణికిందో లేదో నాకు వెంటనే రాయి.

మీ నాన్న