చెవి రిపోర్టు ఒక్కటే చాలదురా

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. "వినికిడి తగ్గినవాళ్ళకిచ్చే వైకల్య సాయానికి అప్లై చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నానురా, చెవి పూర్తిగా పోలేదు కదా, నాకంటే ఎక్కువ ఇబ్బంది పడేవాళ్ళు ఎంతమందో ఉన్నారు" అన్నావు. ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. దానికి రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోబుద్ధి కాలేదు. ఫోన్‌లో మాటలు మనిద్దరికీ సరిగ్గా అందవు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, తీరిక చూసుకుని చదువు.

ముందు నీ మొహమాటం సంగతి. నువ్వు ఈ సాయం తీసుకుంటే ఇంకొకరి నోటి దగ్గరది లాక్కున్నట్టు కాదు. అర్హత ఉన్న ప్రతివాళ్ళకీ ఇవ్వాలని రాసిపెట్టిన సాయం ఇది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం సామాజిక భద్రతని హక్కుగానే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, మెరుగ్గా వినిపించే చెవిలో వినికిడి 35 డెసిబెల్స్ మించి తగ్గితే అది వైకల్యమే. అలాంటివాళ్ళు ప్రపంచంలో 43 కోట్ల పైనే ఉన్నారు. నీ మెరుగైన చెవి సగటు ఎంతో నువ్వే నాకు చెప్పావు, ఆ 35 పక్కన పెట్టి చూసుకో. అర్హత ఉందో లేదో తేల్చడం సాయం ఇచ్చేవాళ్ళ పని. వాళ్ళు చూడకముందే నువ్వే నీకు కాదని చెప్పేసుకోకు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. వినికిడి మెల్లమెల్లగా తగ్గినవాళ్ళందరం ఒక విద్య నేర్చేసుకుంటాం. నలుగురూ నవ్వితే నవ్వుతాం. ఎదుటివాళ్ళ మొహం చూసి అవునో కాదో ఊహించి తల ఊపుతాం. వెలుతురు తగిలే కుర్చీ చూసుకుని కూర్చుంటాం. వేరేవాళ్ళు ఏదైనా అడిగే లోపే మనమే మాట్లాడేస్తాం, మాట్లాడుతున్నంతసేపూ వినాల్సిన అవసరం ఉండదు కదా. ఉద్యోగంలో, బంధువుల్లో నెట్టుకురావడానికి ఇది చాలా పనికొచ్చింది. కానీ సాయం కోసం దరఖాస్తు చేసే చోట ఇదే మనకి అడ్డం తిరుగుతుంది. ఫారం నింపేటప్పుడూ, ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడూ కూడా మనం అలవాటు కొద్దీ "పర్వాలేదు, నడిచిపోతోంది" అనేస్తాం. ఆ ఫైలు చూసేవాళ్ళకి మనం పడే అవస్థ కనపడదు, నడిచిపోవడం ఒక్కటే కనపడుతుంది.

నీ ఆడియోగ్రామ్, అదే చెవి పరీక్షలో ఇచ్చిన గీతల కాగితం, తీసి ఒకసారి ముందు పెట్టుకో. అడ్డంగా ఉన్నవి హెర్ట్జ్‌లు. ఎడమవైపు 250 దగ్గర బొంగురు శబ్దాలు, కుడివైపు 8000 దగ్గర కీచు శబ్దాలు. నిలువుగా ఉన్నవి డెసిబెల్స్, గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. డెసిబెల్స్‌ని మామూలు అంకెల్లా చదవకు. ప్రతి 10 డెసిబెల్స్‌కీ శబ్ద తీవ్రత పది రెట్లు మారుతుంది. అంటే 40 నుంచి 70కి జారడమంటే, అదే శబ్దం నీ చెవికి ఆనడానికి వెయ్యి రెట్ల తీవ్రత కావాలి. "ముప్పైయే కదా తేడా" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

నీ గీత ఎడమవైపు బాగానే ఉండి కుడివైపుకి జారిపోయిందన్నావు. నాదీ అలాంటిదే. అచ్చుల బలం ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది. స, ష, చ, ట, క లాంటి హల్లుల పదును కుడివైపు ఉంటుంది. అందుకే మనకి గొంతు వినిపిస్తుంది కానీ మాట తెలియదు. ఇంట్లోవాళ్ళు "కావాలనుకున్నప్పుడు బాగానే వినిపిస్తుంది ఈయనకి" అనుకునేది కూడా ఇందువల్లే. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడే అసలు చిక్కు. చాలా నిబంధనలు కొన్ని హెర్ట్జ్‌ల దగ్గర వచ్చిన అంకెల సగటు మాత్రమే తీసుకుంటాయి. అమెరికాలో సామాజిక భద్రత విభాగం 500, 1000, 2000 హెర్ట్జ్‌ల సగటు చూస్తుంది. మెరుగైన చెవిలో గాలి ద్వారా (అంటే ఇయర్‌ఫోన్‌తో) వినే సగటు 90 డెసిబెల్స్ లేదా అంతకు మించి, ఎముక ద్వారా (అంటే చెవి వెనక ఎముకకి ఆనించే పరికరంతో) వినే సగటు 60 లేదా అంతకు మించి ఉంటే వాళ్ళ జాబితాకి సరిపోతుంది. మనలాంటి వాళ్ళకి నష్టమంతా 3000 దాటాక ఉంటే ఆ సగటులో అది ఎక్కడా కనపడదు. కాకపోతే అదే నిబంధనలో ఇంకో దారి ఉంది. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షలో మెరుగైన చెవికి 40 శాతం లేదా అంతకు తక్కువ వస్తే కూడా సరిపోతుంది. అందుకే చెబుతున్నా, నువ్వు ఎక్కడ దరఖాస్తు పెట్టినా బీప్ శబ్దాల పరీక్ష ఒక్కటి చేయించుకుని ఊరుకోకు. మాటలు గుర్తుపట్టే పరీక్ష కూడా చేయమని అడుగు. వీలైతే చుట్టూ గోల పెట్టి మాటలు వినిపించే పరీక్ష కూడా చేయించుకో. నిశ్శబ్దంగా ఉండే ఆ గదిలో వచ్చిన మార్కులకీ, బయట మన బతుక్కీ చాలా తేడా ఉంటుంది.

లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరులంటుంది, 60 నుంచి 70 దాకా అయితే వినికిడి మందగించినవాళ్ళంటుంది. చాలా సౌకర్యాలకి 40 శాతం వైకల్యం ఉండాలి. ఆ శాతం లెక్కేసేటప్పుడు మెరుగైన చెవికి అయిదు వంతుల బరువు ఇస్తారు. ఒక చెవికి 40 శాతం, రెండో చెవికి 80 శాతం నష్టం ఉందనుకో, 40ని 5తో గుణించి 80 కలిపి 6తో భాగిస్తే 46 శాతం పైచిలుకు వస్తుంది. ఒక్క చెవే పోయినవాళ్ళకి ఈ పద్ధతిలో అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియక రోడ్డు దాటడానికి భయపడే మనిషికి ఆ భయం ఏ శాతంలోనూ రాదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పిప్ అనే సాయం ఉంది చూడు, దాని దారే వేరు. అక్కడ ఇన్ని డెసిబెల్స్ ఉండాలన్న గీత లేదు. ఎదుటివాళ్ళతో మాట్లాడి అర్థం చేసుకోగలవా, మనుషుల్లో మసలగలవా అని అడిగి పాయింట్లు వేస్తారు. "చేయగలను" అంటే వాళ్ళ దృష్టిలో నాలుగు విషయాలు కుదరాలి. ఆ పని సురక్షితంగా చేయగలగాలి, సరిపడేంత బాగా చేయగలగాలి, అవసరమైనన్నిసార్లు చేయగలగాలి, మరీ ఎక్కువ సమయం పట్టకూడదు. నువ్వు అక్కడ అప్లై చేయకపోయినా ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఏ ఫారం నింపినా పనికొస్తాయి. "మీరు సంభాషణలో పాల్గొనగలరా?" అని ఉంటే అవునని టిక్కు పెట్టేయకు. ఒక్కరితో, ఎదురుగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అయితే పాల్గొంటావు. నలుగురు ఉంటే? సాయంత్రానికి అలిసిపోయాక? నోటికి మాస్కు ఉంటే? అది రాయి.

అలసట గురించి తప్పకుండా రాయి, ఎందుకంటే దాన్ని ఏ మెషినూ కొలవదు. సగం అక్షరాలు చెరిపేసిన పేజీని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదువుతూ కూర్చున్నట్టుంటుంది మన పని. పెదాలు చూసి గ్రహిస్తాం కదా అంటారు. ప, బ, మ మూడూ పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి. మిగతాదంతా ఊహే, ఆ ఊహకే రోజంతా బుర్ర అరిగిపోతుంది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటావే, అది నీ స్వభావం కాదురా, వినడానికి పడ్డ శ్రమ. అలాగే చెవిలో హోరు ఉంటే రాయి, తల తిరుగుతుంటే రాయి. ఆ రెండూ ఆడియోగ్రామ్‌లో రావు. డాక్టరు చీటీలో ఆ మాటలు లేకపోతే ఈసారి వెళ్ళినప్పుడు చెప్పి రాయించుకో.

"నాకు సరిగ్గా వినపడదు" అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. జరిగినవి రాయి. డాక్టరు చెప్పిన మందు మోతాదు తప్పుగా విన్న రోజు, మీటింగ్‌లో నీ పేరు పిలిచినా తెలియని రోజు, ఇంట్లో అలారం మోగుతున్నా నిద్రపోతూనే ఉన్న రోజు. ఇలాంటివి కొన్నాళ్ళపాటు ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటూ వెళ్తే ఫారం దగ్గర తడుముకోనక్కర్లేదు. చెల్లెమ్మని కూడా ఒక ఉత్తరం రాయమను. నీతో పనిచేసేవాళ్ళలో నమ్మకమైనవాళ్ళుంటే వాళ్ళనీ అడుగు. మనం కప్పిపుచ్చేది వాళ్ళకి కనిపిస్తుంది. నీకు వచ్చే ఫోన్లన్నీ నీ బదులు ఎవరు మాట్లాడుతున్నారో చెల్లెమ్మనే రాయనీ.

వినికిడి మిషన్ సంగతి. "మిషన్ పెట్టుకున్నాక బాగానే వినిపిస్తోంది కదా" అని చాలామంది కేసు అక్కడితో ఆపేసుకుంటారు. మిషన్ శబ్దాన్ని పెంచుతుంది. శబ్దాన్ని పట్టే రోమకణాలు లోపలి చెవిలో పోతే వాటిని తిరిగి తేలేదు, మనుషుల్లో అవి మళ్ళీ మొలవవు. మాటతో పాటు చుట్టూ ఉన్న గోల కూడా పెరుగుతుంది. కొన్నిచోట్ల పరీక్ష మిషన్ తీసేసి చేస్తారు, అమెరికాలో నిబంధనే అది. నీ విషయంలో ఎలాగో ముందే అడిగి తెలుసుకో. ఫారంలో మాత్రం మిషన్ పెట్టుకున్నాక కూడా ఏవి చేయలేకపోతున్నావో విడిగా రాయి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే పరికరం) అయినవాళ్ళకి వేరే నిబంధనలుంటాయి. అమెరికాలోనైతే ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు వైకల్యం ఉన్నట్టే లెక్కేసి ఆ తర్వాత మళ్ళీ పరీక్షిస్తారు.

పరీక్షకి వెళ్ళేముందు గులిమి ఉందేమో చూపించుకో, అది అడ్డుంటే రిపోర్టు చెల్లదనవచ్చు. ముందురోజు నుంచీ పెద్ద శబ్దాలకి దూరంగా ఉండు. పరీక్షలో వినపడిందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు ఎక్కువ చూపించాలనీ తక్కువ చూపించాలనీ చూడకు, వినపడితే నొక్కు, లేకపోతే లేదు. మాటల పరీక్షకీ బీప్‌ల పరీక్షకీ పొంతన కుదరకపోతే వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు బెరా అని, నువ్వు ఏమీ నొక్కనక్కర్లేకుండా నాడుల స్పందన చూసే పరీక్ష పెడతారు. అది అడిగారని మనసు కష్టపెట్టుకోకు, మన మాటకి అది సాక్ష్యమే అవుతుంది.

నువ్వు ఇన్నేళ్ళు మెషిన్ల మధ్య పనిచేశావు కాబట్టి ఇంకొకటి. శబ్దం వల్ల చెడిన చెవిలో 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా దిగి మళ్ళీ కొంచెం పైకి లేస్తుంది. నీ కాగితంలో అలా ఉంటే, వైకల్య సాయంతో పాటు ఉద్యోగం వల్ల వచ్చిన నష్టానికి పరిహారం అడిగే దారి కూడా ఉండొచ్చు. దానికి గడువులుంటాయి, ఆలస్యం చేయకు. ఎక్కడ, ఏ మెషిన్ పక్కన, ఎన్నేళ్ళు చేశావో ఇప్పుడే రాసి పెట్టు.

ఇంటర్వ్యూ అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వినపడదని దరఖాస్తు పెట్టిన మనిషికి ఫోన్ చేసి, ఎత్తలేదని ఫైలు పక్కన పెట్టిన అనుభవం నాది. నువ్వు మొదటి కాగితంలోనే రాసెయ్: నాతో ఫోన్‌లో వద్దు, మెయిల్ లేదా ఉత్తరం ద్వారా మాట్లాడండి, ముఖాముఖిలో మాటలు తెర మీద అక్షరాలుగా కనపడే ఏర్పాటు కావాలి అని. సైగల భాష వాడేవాళ్ళయితే అనువాదకుణ్ణి అడగాలి. అడగడానికి సిగ్గుపడకు. అక్కడ ప్రశ్న అర్థం కాకపోతే తల ఊపొద్దురా, దయచేసి. మళ్ళీ అడుగు, రాసి చూపించమను. ఎన్నిసార్లయినా అడుగు. అర్థం కాని ప్రశ్నకి నువ్వు అవునన్న జవాబు ఫైల్లో అవుననే ఉండిపోతుంది.

కాదని ఉత్తరం వస్తే కారణం ఏం రాశారో చూడు, అప్పీలు గడువు చూడు. అమెరికాలో 60 రోజులు, పిప్‌కి మళ్ళీ పరిశీలించమని అడగడానికి ఒక నెల. చాలాసార్లు లోటు ఏదో ఒక్క రిపోర్టే అయి ఉంటుంది. ప్రతి కాగితానికీ కాపీ ఉంచుకో.

ఫారం నింపి సంతకం పెట్టకుండా ఫొటోలు తీసి నాకు పంపు. "పర్వాలేదు", "కొంచెం", "అప్పుడప్పుడు" అని రాసిన చోటల్లా గీత గీసి పంపిస్తాను, అక్కడ నిజంగా ఏం జరిగిందో రాద్దువు గాని. ఈ ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను, కావాలంటే చాట్‌లో కూర్చుని ఒక్కో ప్రశ్నా కలిసి పూర్తి చేద్దాం. మాటల పరీక్షకి అపాయింట్‌మెంట్ మాత్రం రేపే అడుగు.

నీ మిత్రుడు