కార్యదర్శి వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. అడ్డపొగ, అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం, మానమని చెప్పడానికి ఈ ఏడాది సముద్రం పక్కన ఆరు ఊళ్లు తిరిగాం. నిప్పు లోపలికి పెడితే వెచ్చగా ఉంటుందని ఒక మామ్మ నాకే పాఠం చెప్పింది. ఆ వేడి తగిలే అంగిలి చూపించమంటే మాత్రం నోరు మూసేసుకుంది. టెంటు ఇచ్చినవారికి, హాలు అద్దె తీసుకోని స్కూలువారికి, మనందరం మింగగలిగేలా పల్చగా రాగిజావ కాచి తెచ్చిన ఆడపడుచులకు కృతజ్ఞతలు. ఒక పేరు రాస్తే ఇంకొకరికి కోపం, అందుకే రాయలేదు.

చెప్పుకోవాల్సింది డిసెంబరు సభ. మన ప్లాస్టిక్ సర్జన్‌గారు ఆపరేషన్ వీడియో వేసి చూపించారు. ఫ్లాప్ (క్యాన్సర్ కోసేసిన చోట పూడ్చడానికి ఒంట్లో ఇంకోచోటినుంచి తెచ్చి కుట్టే చర్మం, కండ) అంటే ఏమిటో మనకు తెలుసు, ఛాతీ చర్మం వేయించుకుని నోట్లో వెంట్రుకలు మొలిచినవాళ్లకు మరీ తెలుసు. బల్ల మీద అది ఎర్రగా బాగానే ఉంటుంది. మూడో రోజుకు రక్తం అందక అంచు నల్లబడితే మళ్లీ థియేటరే. నాకు జరిగిందదే.

చిన్న సీసాలో ముదురు ఆకుపచ్చ పొడి, పేరు ఇండోసయనిన్ గ్రీన్. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నరంలోకి ఎక్కించి, లైట్లు ఆర్పారు. తెరంతా చీకటి. కాసేపటికి మధ్యలో ఒక తెల్లటి చుక్క, అక్కణ్నుంచి నేల మీద పాలు ఒలికినట్టు వెలుగు పాకింది. ఫ్లాప్‌లో రక్తం అందినచోటే వెలుగుతుందన్నమాట. బొటనవేలంత మూల ఒకటి వెలగలేదు. మామూలు లైటులో అదీ ఎర్రగానే ఉంది! ఇంకాస్త ఆగి చూసి, ఆ మూల కోసేసి కుట్టారు.

ఆ మందు రక్తంలోని ప్రోటీన్లకు అంటుకుని నాళాల్లోనే తిరుగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కాంతికి అది ఇచ్చే మెరుపు కెమెరాకే కనిపిస్తుంది. మూడు నాలుగు నిమిషాలకు సగం చొప్పున లివర్ లాగేస్తుంది కాబట్టి అవసరమైతే మళ్లీ ఎక్కించొచ్చు. ఇదే పనికి వాడిన పాత రంగుమందు ఫ్లోరెసిన్‌తో ఒళ్లూ మూత్రమూ పచ్చబడేవి. అయోడిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి. రక్తనాళాలు బిగిసేలా చేసే మందులు వాడితే మంచి చర్మమూ చీకటిగా కనిపించొచ్చట. అందుకే కెమెరా ఉన్నా, వార్డులో గంటగంటకూ వేలుపెట్టి చూసే నర్సమ్మ ఉండాల్సిందే.

వాలంటీర్లుగా పేర్లిచ్చిన 11 మందిలో ఆ రోజు వచ్చింది ముగ్గురు. కుర్చీలు నేనూ కోశాధికారీ మోశాం.

మనం చూపించుకునే ఆసుపత్రికి ఈ కెమెరా కావాలని మూడు అర్జీలు పెట్టాం. మొదటిది పరిశీలనలో ఉందన్నారు. రెండోది కనపడలేదన్నారు. మూడోదానికి మొదటిదాని నకలు అడిగారు.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, ఆడిట్ అయింది. ఏడు చందాలు బకాయి. ఎవరివో వారికి తెలుసు.

నాలుగో అర్జీ తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. భోజనానికి లేచేముందే సంతకాలు చేయండి, తర్వాత ఎవరూ దొరకరు.