రెండో వార్త కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

డిప్రెషన్ గంటల్లో తగ్గిపోతుందంటూ మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. కెటమిన్ అనే మత్తుమందు గురించి, దాని నుంచే తయారైన ముక్కు స్ప్రే గురించి మీరు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. వదిలేసిన సంగతుల గురించే నా బాధంతా.

ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ల పక్కన నిలబడి ఉద్యోగమంతా గడిపిన నర్సుని నేను. కెటమిన్ మాకు కొత్త కాదు. అమెరికాలో 1970లోనే మత్తుమందుగా అనుమతి వచ్చింది. అది ఎక్కాక మనిషి రెప్పలు మూయడు. కనుగుడ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి, చూపు మాత్రం ఎవరి మీదా ఆనదు. తేరుకునేటప్పుడు కొందరు గాల్లో తేలామంటారు, కొందరు భయపడి కేకలేస్తారు. అందుకే ఆ వేళకి గదిలో గట్టిగా మాట్లాడొద్దని మాకు చెప్పేవారు. ఈ మందు దిగులును తగ్గిస్తుందని అప్పట్లో ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకునేదాన్ని.

2000లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు, మత్తుకిచ్చే దానికన్నా బాగా తక్కువ మోతాదులో డిప్రెషన్ రోగులకు ఎక్కించి చూశారు. పట్టుమని పది మంది కూడా లేరు, కానీ మూడు రోజుల్లోపే తేడా కనిపించింది. 2006లో అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 18 మంది మీద మళ్లీ పరీక్షిస్తే రెండు గంటల్లోపే తెరిపి మొదలైంది. మాత్ర పని చేయడానికి వారాల తరబడి ఎదురు చూసిన ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది ఆ రెండు గంటల విలువ. అయితే వారం దాకా ఆ మెరుగు నిలిచింది మూడోవంతు మందికే. గంటల్లో తగ్గిందని రాసినప్పుడు వారానికి ఎంతమందికి మిగిలిందో కూడా రాయాలి కదా!

స్ప్రే సంగతీ అంతే. 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడే గట్టి షరతులు పెట్టారు. ఆస్పత్రిలో, సిబ్బంది కళ్లెదుటే పీల్చాలి. తర్వాత కనీసం రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టి బీపీ చూస్తారు. ఆ రోజంతా బండి నడపకూడదు. ఇదేదీ రాయకుండా ముక్కు స్ప్రే అని ఊరుకుంటే, జలుబు మందులా ఇంటికి తెచ్చుకుని కొట్టుకోవచ్చనుకుంటారు.

అనుకున్నారు కూడా. నా తమ్ముడు చాలా ఏళ్లుగా డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాడు. మీ పేపరు మడిచి నా ముందు పెట్టి, "అక్కా, ఇదొచ్చేసిందిగా, ఇంకా ఈ మాత్రలెందుకు?" అన్నాడు. అప్పటికే ఆపేశాడని స్ట్రిప్పు చూశాక గాని నాకు అర్థం కాలేదు. తల తిరుగుడు, నిద్రలేమి, తల పక్కకి తిప్పితే చాలు లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. చాలా రకాల డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే వచ్చే బాధలే ఇవి. డాక్టరు మళ్లీ మొదలుపెట్టించారు, సర్దుకున్నాడు.

కొత్త పరిశోధన మీద నాకు నమ్మకం లేక ఇదంతా చెప్పడం లేదు. ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణమే ఉంది. తొలి డిప్రెషన్ మందు దొరికిందే అనుకోకుండా: 1950ల్లో క్షయ రోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్‌తో వాళ్లు మంచాలు దిగి హుషారుగా తిరిగారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వచ్చిన మందుల్లో చాలావరకు మెదడులోని సెరొటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల దారిలోనే నడిచాయి. వాటితో బాగుపడేవాళ్లు బాగుపడుతున్నారు. 2006లో వచ్చిన స్టార్ డీ అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుతోనే పూర్తిగా కోలుకున్నది దాదాపు మూడోవంతు. మిగతావాళ్లకి మందు మార్చి చూడాలి, మరొకటి కలపాలి, ఓపిక పట్టాలి. కెటమిన్ గ్లుటమేట్ అనే వేరే రసాయనం దారిలో పని చేస్తుంది. ఇంకో దారి ఉందని తెలియడమే, ఆ మందు కన్నా పెద్ద వార్త అని నా అభిప్రాయం.

కానీ ఈ రంగంలో మొదటి వార్తకీ రెండో వార్తకీ చాలా దూరం. 2005లో మెదడు లోపల ఎలక్ట్రోడ్లు అమర్చి, కరెంటు పంపి, డిప్రెషన్ తగ్గని ఆరుగురికి చికిత్స చేస్తే నలుగురికి బాగా గుణం కనిపించింది. తర్వాత పెద్ద ఎత్తున పరీక్ష పెడితే, కరెంటు పంపని ఉత్తుత్తి చికిత్సకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాక మధ్యలోనే ఆపేశారు. పరిశోధకులు దాన్ని ఇంకా వదల్లేదు, అది వేరే విషయం. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే, భ్రమలు కలిగించే సిలోసైబిన్‌పై 2022లో వచ్చిన పరీక్షనే చూడండి. పాల్గొన్నవారు 233 మంది. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో మూడు వారాలకి 37 శాతం మందికి గుణం కనిపించింది. నామమాత్రపు మోతాదు వారిలో 18 శాతం. ఎక్కువ మోతాదు వారిలో కూడా పన్నెండు వారాల దాకా అది నిలిచింది 20 శాతానికే. పైగా ఏ మోతాదు పడిందో తీసుకున్న మనిషికి ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి ఆశ చేసిన పని ఎంతో మందు చేసిన పని ఎంతో విడదీయడం కష్టం. జురనొలోన్ అనే పద్నాలుగు రోజుల మాత్రకి 2023లో అమెరికాలో కాన్పు తర్వాతి డిప్రెషన్‌కి అనుమతి దొరికింది, మామూలు డిప్రెషన్‌కి దొరకలేదు. మొదటి సగం చదివి రెండో సగం చదవని మనిషి ఏమనుకుంటాడు?

కాబట్టి నా మనవి ఇది. ఎంతమంది మీద చేశారు, దేనితో పోల్చారు, ఎన్నాళ్లు నిలిచింది అన్నవి వార్తలోనే ఉండేలా చూడండి. పరీక్ష విఫలమైందన్న వార్త వస్తే దాన్నీ అదే పేజీలో వేయండి. వాడుతున్న మాత్రలు డాక్టరుని అడక్కుండా ఆపొద్దన్న మాట చివర్లో చిన్నక్షరాల్లో కాకుండా శీర్షిక కిందే రావాలి.

ఇట్లు,
ఆపరేషన్ థియేటర్ నర్సు
(తమ్ముడి కోసం నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.)