ఇస్తాంబుల్‌లో మా మొదటి రాత్రి: ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

గత నెలలో నేనూ నా చిన్ననాటి స్నేహితురాలూ ఇస్తాంబుల్‌లో దిగిన రాత్రి మాకు సాయపడినవారిలో సగం మంది పేర్లు నాకు తెలియవు. తెలిసినవారిలో ఒకరు తన పేరు ఎక్కడా రాయవద్దని గట్టిగా చెప్పారు. అయినా నలుగురి ఎదుటా వారికి కృతజ్ఞతలు చెప్పుకోకుండా ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పి విరమణ పొందినదాన్ని కనుక ఇస్తాంబుల్ మీద నాకు మక్కువ ఉండడంలో విశేషం లేదు. ఒకసారి చూసి వచ్చినప్పటి నుంచీ నా స్నేహితురాలిని కూడా తీసుకువెళ్ళాలని పట్టుబట్టి, ఆవిడ లెక్కల ట్యూషన్లన్నీ మాన్పించి మరీ బయలుదేరదీశాను. ఆవిడ పుట్టింది హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రికి పేరిచ్చిన నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టిన, టర్కీని ఏలిన ఒట్టోమాన్ రాజవంశపు ఆడపడుచు. ఆ వంశానికే చెందిన చివరి ఖలీఫా (ముస్లింల మతాధినేత) అబ్దుల్ మజీద్‌ను 1924 మార్చిలో దోల్మాబహ్చే ప్యాలెస్ నుంచి రాత్రికి రాత్రి దేశం దాటించిన తర్వాత, ఆ వంశం వారు ఫ్రాన్సులో తలదాచుకుంటున్న కాలంలో, 1931లో ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్‌కూ నీలోఫర్‌కూ ఏడో నిజాం కుమారులిద్దరితో నీస్ నగరంలో వివాహాలు జరిగాయి. ఆ కథ దారి పొడవునా చెబుతూ వెళ్ళాను. విమానంలో పక్క సీటులో కూర్చున్న మనిషి తప్పించుకోలేదు కదా!

గల్ఫ్‌లో విమానం మారేచోట చిక్కు వచ్చిపడింది. సీట్ల పైన చోటు లేదంటూ ఎక్కే ద్వారం దగ్గర ఆవిడ చేతిసంచిని తీసుకుని సామాన్ల అరలోకి పంపించారు. అందులో ఇన్సులిన్ ఉందని ఇద్దరం రెండుసార్లు చెప్పినా, వెనుక వరుస కదలాలన్న తొందరలో వారు వినిపించుకోలేదు. ఇస్తాంబుల్‌లో మా పెద్ద పెట్టెలు వచ్చాయి కానీ ఆ సంచి రాలేదు. ఆవిడ ప్రతి రాత్రీ తప్పకుండా తీసుకోవలసిన ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ పెన్నులు (పెన్ను ఆకారంలో ఉండే ఇంజెక్షన్లు), వాటి సూదులు, చక్కెర చూసుకునే పరికరం అన్నీ దానిలోనే ఉన్నాయి. ఆనాడు ఆదివారం, అప్పటికే చీకటి పడింది.

నా మొదటి నమస్కారం సామాన్ల ఫిర్యాదు కౌంటరులోని అమ్మాయికి. ఫిర్యాదు పత్రం రాసి చేతిలో పెట్టి పంపించివేయడంతో ఆమె పని అయిపోయేది. కానీ ఆమె సంచిలో మందులున్నాయని పత్రంపై విడిగా రాసి, ఒక కాగితం మీద టర్కీ భాషలో రెండు మాటలు రాసి ఇచ్చి, ఊళ్ళోకి వెళ్ళగానే ఎవరికైనా చూపించమన్నది. ఆ రెండు మాటలే ఆ రాత్రి మాకు దారి చూపాయి.

2018లో ప్రారంభమైన కొత్త విమానాశ్రయం నల్లసముద్రపు ఒడ్డున, నగరానికి చాలా దూరంలో ఉంది. మా బస, రెండు ఖండాల్లో విస్తరించిన ఈ నగరానికి ఆసియా వైపున ఉన్న కడికోయ్‌లో. అక్కడికి వెళ్ళే బస్సులో మా ముందు సీట్లలో ఒక యువజంట కూర్చున్నారు. చివరి మోతాదు తీసుకుని ఎన్ని గంటలైందో నా స్నేహితురాలు వేళ్ళ మీద లెక్కపెడుతుంటే వారు వెనుదిరిగి విషయం ఏమిటని అడిగారు. కాగితం చూపించాను. ఇక ప్రశ్నలేవీ లేకుండా ఫోనులో వెతకడం మొదలుపెట్టారు. వంతెన చివర ‘ఆసియాకు స్వాగతం’ అన్న పలక కనబడేసరికి వారు మేము వెళ్ళవలసిన దుకాణం ఏదో తేల్చేశారు. బస్సు దిగాక మా పెట్టెలలో బరువైనదాన్ని ఆ అబ్బాయి లాక్కుంటూ, రాళ్ళు పరిచిన ఎగుడు సందుల్లో మమ్మల్ని ఆ దుకాణం గుమ్మం దాకా దిగబెట్టి, లోపల మా పని మొదలయ్యాకే వెళ్ళారు. టీ అయినా తాగి వెళ్ళమంటే, మరునాడు పొద్దున్నే ఉద్యోగాలున్నాయని నవ్వారు.

ఆ దుకాణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడికి వెళ్ళే తెలుగువారందరికీ అది పనికివస్తుంది. మన నగరాల్లో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే మందుల దుకాణాలు గొలుసుకట్టుగా కనిపిస్తాయి. టర్కీలో అటువంటి గొలుసు సంస్థలు లేవు. ప్రతి దుకాణానికీ యజమాని ఫార్మసిస్టే అయి ఉండాలని అక్కడి చట్టం. ‘ఎజ్‌జానే’ అనే ఆ దుకాణాలను ఎర్రని ఇంగ్లీషు ‘E’ అక్షరపు దీపాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. సాయంత్రం కాగానే అవి మూసివేస్తారు, ఆదివారాలు రోజంతా మూసే ఉంటాయి. కానీ ప్రతి ప్రాంతంలోనూ వంతుల వారీగా కొన్ని దుకాణాలు తెల్లవార్లూ తెరిచి ఉంటాయి. ఆ రోజు వంతు ఎవరిదో, వారి చిరునామా ఏమిటో, మూసి ఉన్న ప్రతి దుకాణం తలుపు మీదా రాసి పెడతారు. ‘నోబెత్చి ఎజ్‌జానే’ అంటూ కౌంటరు అమ్మాయి రాసి ఇచ్చింది ఈ వంతు దుకాణం గురించే.

అక్కడి ఫార్మసిస్టు నడివయసు స్త్రీ. ఫోనులో ఉన్న మా డాక్టరు చీటీ చూపించగానే పెన్ను తీసి చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకుని ఉంటే నేను ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఆమె మొదట అడిగిన ప్రశ్న, ఆవిడ ఇన్సులిన్ సీసాలోంచి సిరంజితో తీసుకుంటున్నారా, పెన్నుతోనా అని. ఆ ప్రశ్న వెనుక ఎంత జాగ్రత్త ఉందో నాకు తర్వాత గానీ తెలియలేదు. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతోనూ, పెన్నులు 100 యూనిట్ల గాఢతతోనూ వస్తాయి. 40 సిరంజి గుర్తులకు అలవాటుపడినవారు అదే సిరంజితో 100 సీసాలోని మందు తీసుకుంటే రెండున్నర రెట్ల మోతాదు ఒంట్లోకి వెళ్ళిపోతుంది. మావి పెన్నులే అని తేలాక కూడా, మన కంపెనీ పేరు ఆమెకు కొత్తది కావడంతో, అసలు మందు పేరు గ్లార్జిన్ అని నిర్ధారించుకునే దాకా ఆమె ఒప్పుకోలేదు.

ఆమెకు ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు, మాకు టర్కీ భాష అసలు రాదు. ఇక్కడే నేను పేరు రాయకూడని వ్యక్తి ప్రవేశించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తెలుగు కుర్రాడతను. నా పాత విద్యార్థిని ఒకామె బస్సులో ఉండగానే అతని నంబరు పంపించింది. మేము ఎవరమో కూడా తెలియని ఆ అబ్బాయి గంటసేపు ఫోను పెట్టకుండా, మా తెలుగును టర్కీ భాషలోకీ ఆమె మాటలను తెలుగులోకీ మారుస్తూ కూర్చున్నాడు. “పిన్నిగారూ, మధ్యాహ్నం ఏం తిన్నారో కూడా అడుగుతున్నారండీ” అన్నప్పుడు నా స్నేహితురాలికి ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వు వచ్చింది. అక్కడ తొమ్మిదిన్నర అంటే మనకు అర్ధరాత్రి. ఆ వేళప్పుడు హైదరాబాదులో మా డాక్టరుగారు ఫోను ఎత్తి మోతాదు స్వయంగా చెప్పారు. వారికి కూడా నా ధన్యవాదాలు, నిద్ర చెడగొట్టినందుకు క్షమాపణలు.

ఫార్మసిస్టు వేలికొసన రక్తం తీసి చూస్తే చక్కెర 280 దాటి ఉంది. ఇన్సులిన్ అక్కడే, ఆమె ఎదుటే తీసుకోమని, కాసేపు కూర్చోబెట్టి, వాంతులో, ఆయాసమో వస్తే 112కు ఫోను చేయమని మరీమరీ చెప్పి, మిగిలిన పెన్నులను మంచుపొట్లంతో కట్టి ఇచ్చింది. పెన్నులకూ సూదులకూ మాత్రమే డబ్బు తీసుకుంది. పరీక్షకు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

హోటలు కుర్రవాడికి కూడా రుణపడి ఉన్నాను. ఆ పెన్నులను వంటగది ఫ్రిజ్‌లో పెట్టించి, సంచి జాడ తెలిసే వరకు విమానసంస్థకు తానే ఫోన్లు చేస్తూ వచ్చాడు. మేము చేస్తే గంటల తరబడి సంగీతం వినిపించేది, అతను చేస్తే మనుషులు పలికేవారు.

మరునాడు చక్కెర అదుపులోకి వచ్చాక కడికోయ్ రేవులో ఎమినోనుకు వెళ్ళే ఫెర్రీ ఎక్కాము. ఎడమవైపు మర్మరా సముద్రం, కుడివైపు నీటి అంచున హైదర్‌పాషా రైల్వే స్టేషను, ఎదురుగా టోప్‌కాపి ప్యాలెస్, అయా సోఫియా, ఇంకొంచెం ముందుకు పోతే కొండ మీద ఒట్టోమాన్ కాలపు వాస్తుశిల్పి సినాన్ కట్టిన సులేమానియా మసీదు, అన్నీ వరుసగా తెరుచుకుంటూ వచ్చాయి. ఈ నగరంలోకి రావలసింది నీటి మీదనే అని నేను ఏళ్ళ తరబడి చెబుతున్నది నిజమేనని నా స్నేహితురాలు ఒప్పుకుంది. లెక్కల టీచరు చేత ఏదైనా ఒప్పించడం ఎంత కష్టమో తెలిసినవారికి తెలుసు.

సంచి చివరకు హోటలుకే వచ్చింది. అందులో ఉన్న ఉస్మానియా బిస్కెట్ల డబ్బాను తీసుకువెళ్ళి ఫార్మసిస్టుకు ఇచ్చాము. బస్సులోని జంట చిరునామా మా దగ్గర లేదు. ఈ రాత తిరిగి తిరిగి వారిని చేరితే సంతోషం, తెలుగు కనుక ఆ ఆశ తక్కువే. పరిశోధక విద్యార్థి మాత్రం ఎంత అడిగినా ఏమీ వద్దని, ఆఖరికి గోంగూర పచ్చడి అయితే కాదననని చెప్పాడు. పచ్చడి పట్టి, సీసా మూత బిగించి సిద్ధంగా ఉంచాను. త్వరలో ఇస్తాంబుల్ వెళ్ళేవారెవరైనా పెట్టెలో ఒక కిలో బరువుకు చోటివ్వగలిగితే నాకు తెలియజేయండి, సికింద్రాబాదులో ఎక్కడికైనా తెచ్చి ఇస్తాను.