చేపల తొట్టికి నల్లా పైపు పెట్టొద్దు

సంపాదకుల వారికి,

నల్లా వచ్చిన కాసేపట్లోనే సంపు, డ్రమ్ములు, మొక్కలు, అక్వేరియం అన్నీ నింపేయాలన్న తొందర హనుమకొండ, వరంగల్, కాజీపేట ఇళ్లలో మామూలే. పైపు చేపల తొట్టిలో వేసి ఇంకో పనికి పోతారు. వచ్చేసరికి హాలంతా నీళ్లు. స్టాండు ప్లైవుడ్ ఉబ్బుతుంది, కింద పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు తడుస్తుంది. దీన్ని ఆపడానికి అలారాలు, ఫ్లోట్ వాల్వులు కొనక్కర్లేదు. బకెట్ లెక్క చాలు.

రెండు ఫీట్ల పొడవు, ఫీటు వెడల్పు, ఫీటు ఎత్తున్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. అంటే ఒక్కో ఇంచుకు దాదాపు 4.7 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లిచ్చే నల్లా కింద, పైన వదిలిన రెండించుల ఖాళీ నిమిషం తిరగకముందే నిండిపోతుంది. ఫోన్ మోగితే చాలు, పొంగినట్టే.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం సరిపోతుంది. పైన రెండించులు వదిలితే ఈ తొట్టిలో ఉండేవి దాదాపు 47 లీటర్లే, అందులో పావు వంతంటే సుమారు 12 లీటర్లు. 15 లీటర్ల బకెట్‌లో 12 లీటర్ల దగ్గర గీత పెట్టుకోండి. గీత దాకా తీయండి, గీత దాకా పోయండి. తీసినన్నే పోస్తే తొట్టి ఎలా పొంగుతుంది? ఎండాకాలం ఆవిరైపోయిన నీళ్లు మాత్రం చెంబుతో విడిగా కలపాలి. తొట్టి వెనక అద్దానికి అంచు నుంచి రెండించుల కింద టేపు అంటించి, అంతకు మించి నింపకండి. ఆ ఖాళీ ఊరికే కాదు: మోచేతి దాకా చెయ్యి ముంచితేనే లీటరు, లీటరున్నర నీళ్లు పైకి లేస్తాయి. కొత్త తొట్టి అయితే ఇసుక, రాళ్లు, కర్ర ముందు అమర్చి ఆ తర్వాతే నీళ్లు పోయాలి.

తీసేటప్పుడు పొంగేది తొట్టి కాదు, కింది బకెట్. సన్నపైపు అడుగు దాకా దించితే తొట్టిలో నీళ్లన్నీ బకెట్ మీదుగా నేల మీదికి వస్తాయి. పైపు కొసను నీటిమట్టానికి రెండున్నర ఇంచుల లోతులోనే క్లిప్పుతో బిగిస్తే, 12 లీటర్లు దిగగానే గాలి చొరబడి ధార దానంతటదే ఆగుతుంది. అడుగున చెత్త లాగాలంటే మాత్రం పక్కనే నిలబడాలి. హీటరు, ఫిల్టరు ప్లగ్గులు ముందే తీసేయాలి. నీళ్లు తగ్గి బయటపడ్డ హీటరు గ్లాసు పగిలే ప్రమాదముంది.

పోసే నీళ్లు ముందురోజే బకెట్‌లో పట్టి నీడన ఉంచండి. క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరుంటే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడవచ్చు. మే నెలలో మధ్యాహ్నం పైట్యాంకు నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి, అవి నేరుగా పోస్తే చేపలు తట్టుకోలేవు.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. పైపు కొస తొట్టి నీళ్లలో మునిగి ఉండగా నల్లా ఆగిపోయినా, వీధిలో ఎవరైనా లైనుకు మోటరు పెట్టినా, తొట్టి నీళ్లు వెనక్కి గుంజుకుని తాగునీటి లైనులో కలుస్తాయి. చేపల వ్యర్థాలున్న నీళ్లు పక్కింటి బిందెలోకి పోవడమంటే చిన్న తప్పు కాదు.

ఎవరి చెయ్యీ లేకుండా తొట్టి కారేది కరెంటు పోయినప్పుడు. గాలి పంపు తొట్టికంటే కింద ఉంటే, అది ఆగగానే సన్న ట్యూబు గుండా నీళ్లు వెనక్కి దిగి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వస్తాయి. పంపును నీటిమట్టానికి పైన మేకుకు తగిలించండి. కుదరకపోతే ట్యూబులో నీళ్లను వెనక్కి రానివ్వని చిన్న నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి. దానిమీది బాణం తొట్టి వైపుండాలి, తిరగేసి పెడితే గాలే పోదు. వైర్లన్నీ ప్లగ్గుకంటే కిందికి ఒక వంపు వేలాడేలా ఉంచితే, వైరు వెంబడి జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నేల తడిసిందంటే మెయిన్ స్విచ్ ఆపాకే ఆ తడిలో అడుగు పెట్టాలి, పిల్లలనైతే అసలు రానివ్వొద్దు.

అక్వేరియం షాపుల వారికి మనవి: తొట్టితోపాటు ఆ వాల్వు కూడా ఇవ్వండి, రెండించుల కింద గీత గీసి మరీ అమ్మండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ