టీకా వేయించిన కుందేలుకు జబ్బు రాదంటూ మీరు తిరస్కరించిన క్లెయిమ్ గురించి

ఫిర్యాదుల విభాగం వారికి,

ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో ఉంటున్న మా కోడలి పేరు మీద మీ కంపెనీలో రెండు కుందేళ్లకు బీమా ఉంది. అందులో లడ్డు అనే మగ కుందేలు వైద్యానికి పెట్టిన క్లెయిమ్‌ను మీరు తిరస్కరించారు. దాని మీద ఇది మా ఫిర్యాదు. ఏ భాషలో రాసినా తీసుకుంటామని, అనువాదం మీరే చేయించుకుంటారని మీ పాలసీ పుస్తకంలో ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. నేను రాయడానికి మా కోడలు సంతకం చేసిచ్చిన అనుమతి పత్రం కూడా జతచేశాను. మా అబ్బాయి, కోడలు ఉద్యోగాలకు వెళ్తారు. పగలూ రాత్రీ లడ్డు పక్కన కూర్చుని చూసుకున్నది నేను. అందుకే జరిగింది నేనే చెప్పడం సబబు.

మీ లేఖలో ఇచ్చిన కారణం ఒక్కటే. మిక్సోమాటోసిస్ అనే కుందేళ్ల వైరస్ జబ్బు టీకాతో నివారించగలిగేదట. టీకా సకాలంలో వేయించిన కుందేలుకు రాదట. వచ్చింది కాబట్టి మేము టీకా షరతు పాటించలేదని మీరు భావిస్తున్నారట.

టీకా 2025 మార్చిలో వేయించాం, ఇద్దరికీ ఒకే రోజు. జబ్బు సెప్టెంబరులో వచ్చింది. వేసింది నోబివాక్ మిక్సో-ఆర్‌హెచ్‌డి ప్లస్, ఏడాదికి ఒక డోసు. కార్డు మీద క్లినిక్ ముద్ర ఉంది, డాక్టరు సంతకం ఉంది, సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కర్ అంటించి ఉంది. దాని నకలు మొదటి దరఖాస్తుతోనే పంపాం. అందిందని మీరు ఈమెయిల్ కూడా ఇచ్చారు. అంత స్పష్టమైన కాగితం చేతిలో ఉండగా మేము షరతు తప్పామని రాశారంటే, అది చూడకుండా రాసి ఉండాలి, లేదా ఈ టీకా ఎలా పనిచేస్తుందో తెలియకుండా రాసి ఉండాలి.

ఈ టీకాతో జబ్బు అసలే రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. చావులను, జబ్బు లక్షణాలను తగ్గించడానికి అని దానితో వచ్చే కాగితంలోనే ఉంటుంది. మాది పల్నాడు, పాడి ఉన్న ఇల్లు. గాలికుంటు టీకా వేయించిన గేదెకు కూడా ఒక్కో ఏడు నోటిలో పుళ్లు లేచేవి. నాలుగు రోజులు మేత తగ్గించి లేచి తిరిగేది. టీకా పడని దూడలు మాత్రం దక్కేవి కావు. టీకా వేసినా జబ్బు వచ్చింది కదా, నువ్వు అసలు వేయించలేదులే అని మా ఊరి పశువుల డాక్టరు ఎవరినీ ఏనాడూ అనలేదు. ఇక్కడ మా క్లినిక్ డాక్టరు కూడా ఇదే మాట లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. టీకా వేసిన కుందేళ్లకు మిక్సోమాటోసిస్ తేలిక రూపంలో రావడం తెలిసిన విషయమేనని, లడ్డుకు వచ్చింది అదేనని అందులో ఉంది.

ఈ వైరస్ ఇంగ్లండ్‌లో మొదట కనబడింది 1953లో, కెంట్ ప్రాంతంలో. రెండు మూడేళ్లలోనే ఈ దేశంలోని అడవి కుందేళ్లలో 99 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయని చెబుతారు. టీకా లేని పెంపుడు కుందేలు దీని బారిన పడితే ఇవాళ్టికీ బతకడం అరుదు, చాలావరకు రెండు వారాల్లోపే పోతుంది. మా లడ్డు బతికాడు. వాడితో ఒకే గూట్లో పడుకుని, ఒకే గిన్నెలో నీళ్లు తాగిన మా రెండో కుందేలు బుజ్జికి జబ్బే అంటలేదు. టీకా పడలేదని చెప్పడానికి ఇవి రుజువులా? పడిందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంట్లో ఉండే కుందేలుకు ఇది ఎలా వచ్చిందని మీ ఫారంలో అడిగారు. దోమ కుట్టినా వస్తుంది, అడవి కుందేళ్ల ఒంటి మీద ఉండే ఫ్లీ అనే గెంతే పురుగు కుట్టినా వస్తుంది. మా ఇల్లు కెన్నెట్ ఏటి పక్క పచ్చిక బయళ్లకు దగ్గర. అక్కడ సాయంత్రమైతే అడవి కుందేళ్లు గుంపులుగా తిరుగుతాయి. ఎండాకాలం చివర దోమలు ఎక్కువ. కిటికీలకు దోమల జాలీ ఉన్నా ఒక దోమ చాలు.

ఇప్పుడు ఖర్చు సంగతి. మా బిల్లుల్లో చాలా వరుసల మీద ఇంటి సంరక్షణ అనో, ఆహారం అనో రాసి గీత కొట్టారు. టీకా విషయంలో మా మాట నిజమే అయినా అవి మాత్రం ఇవ్వలేమని కింద రాశారు. ఆ సంరక్షణ ఏమిటో మీకు తెలియాలి.

మొదట కళ్లు వాచాయి. మర్నాటికి రెప్పలు మూసుకుపోయి పుసులు కట్టాయి, ముక్కు మీదా చెవుల మొదట్లోనూ గడ్డలు లేచాయి, వెనక భాగం కూడా ఉబ్బింది. వైరస్‌ను చంపే మందు లేదని డాక్టరు ముందే చెప్పారు. ఒంట్లో బలం నిలబెట్టి, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ పాకకుండా చూస్తే టీకా ఇచ్చిన రక్షణ మిగతా పని చేస్తుందన్నారు. అందుకోసం యాంటీబయాటిక్, నొప్పికీ వాపుకీ మెలోక్సికామ్, పేగులు కదలడానికి ఇంకో మందు, చర్మం కింద ఎక్కించే సెలైన్ రాశారు. రోజూ ఆస్పత్రిలో ఉంచితే కొత్త చోటు, కుక్కల అరుపులతో టెన్షన్ పడి తిండి మానేస్తాడని, పైగా అక్కడ మిగతా కుందేళ్లకు ప్రమాదమని ఇంటికి పంపారు. అంటే ఆస్పత్రిలో నర్సు చేయాల్సిన పని మా ఇంటికి వచ్చింది.

కుందేలు నోటితో గాలి పీల్చుకోలేదని నాకు అప్పుడే తెలిసింది. ముక్కు మూసుకుపోతే దానికి ఊపిరాడడం కష్టం, వాసన తెలియదు, వాసన తెలియకపోతే తిండి ముట్టదు. అందుకే ముక్కు రంధ్రాలు ఉప్పునీటిలో ముంచిన దూదితో తుడవాలి. పక్కులు పీకకూడదు, నానబెట్టి మెత్తగా తీయాలి. కళ్లు తుడిచిన దూది ముక్కను మళ్లీ వాడకూడదు. వాడికి కళ్లు కనబడవు కాబట్టి ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, లేకపోతే బెదిరి తన్నుకుంటాడు. కుందేలు నడుము ఎంత సున్నితమో, అలా ఒక్కసారి తన్నుకుంటే వెన్ను విరిగే ప్రమాదం ఉంటుందని డాక్టరు హెచ్చరించారు. ఈ వైరస్‌కు చలి అనుకూలమట. గది వెచ్చగా ఉంచమన్నారు. సెప్టెంబరు నుంచే హీటర్ పెట్టాం, రాత్రుళ్లు కూడా.

అన్నిటికంటే ముఖ్యం తిండి. కుందేలు పేగు ఆగకూడదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ కింద లెక్క. గ్యాసు పట్టి, పేగు కదలిక ఆగి, వైరస్‌తో పోనిది దానితో పోతుంది. అందుకని పీచు ఉన్న రికవరీ ఫుడ్ పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, సిరంజితో పెదవి పక్క నుంచి కొంచెం కొంచెంగా, వాడు నమిలి మింగాకే మళ్లీ కొంచెం, మూడు నాలుగు గంటలకోసారి పెట్టాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్టిన ప్రతిసారీ ఎంత లోపలికి వెళ్లిందో, ఎన్ని పెంటికలు వేశాడో, అవి పెద్దవో చిన్నవో మా మనవరాలి నోటుపుస్తకంలో రాసి డాక్టరుకు ఫోన్లో చెప్పేదాన్ని. కుందేళ్లు రాత్రిపూట వేసే మెత్తటి పెంటికలను తిరిగి తామే తింటాయి, వాటిలో పోషకాలు ఉంటాయి. వాపుతో లడ్డు వంగలేకపోయాడు. అవి ఒంటికి అంటుకుంటే రోజూ గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టాలి, లేకపోతే ఈగలు గుడ్లు పెడతాయి.

ఆ పొడి డబ్బాలకే మీరు ఆహారం, వర్తించదు అని రాశారు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఎండుగడ్డి తింటుంది, ఆకులు తింటుంది. ఆ ఖర్చు మేము ఎప్పుడూ మిమ్మల్ని అడగలేదు. ఈ పొడి డాక్టరు మోతాదుతో సహా రాసిచ్చినది. క్లినిక్‌లోనే అమ్మినది, బిల్లు కూడా క్లినిక్‌దే. మనిషికి ఐసీయూలో ముక్కులో గొట్టం వేసి పోసే పాలను ఏ బీమా కంపెనీ అయినా కిరాణా ఖర్చు అంటుందా? సెలైన్ సూదులనూ, ఉప్పునీటి సీసాలనూ ఇంటి సంరక్షణ అని కొట్టేయడం కూడా ఇలాంటిదే. ఆ పని ఇంట్లో జరిగింది డాక్టరు చెప్పబట్టి. ఆస్పత్రిలో జరిగి ఉంటే మీ మీద పడే బిల్లు దీనికి ఎన్నో రెట్లు ఉండేది.

అసలు బాధ కలిగించిన విషయం ఇంకొకటి. లడ్డు బాగా నీరసంగా ఉన్న రోజుల్లో, ఆస్పత్రి ఖర్చుకు ముందస్తు అనుమతి కోసం మా కోడలు మీ ఆఫీసుకు ఫోన్ చేసింది. అనుమతి ఇవ్వలేమని, ఒకవేళ ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చాలనుకుంటే ఆ ఖర్చు మాత్రం పాలసీలో వస్తుందని అవతలి వ్యక్తి చెప్పారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, మా మనవరాలు పక్కనే ఉంది. ఆ పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. లడ్డును చంపేస్తారా నాన్నమ్మా అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో.

నిద్రపుచ్చడం తప్పని నేను అనడం లేదు. మా డాక్టరు మొదటి రోజే ఆ మాట నిజాయితీగా చెప్పారు. టీకా లేని కుందేలుకు ముదిరిన మిక్సోమాటోసిస్ వస్తే బాధ పెట్టకుండా పంపడమే దయ అని, లడ్డుకు టీకా ఉంది, సిరంజితో పెడితే మింగుతున్నాడు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ప్రయత్నించడం న్యాయమని అన్నారు. వాడు మింగడం మానేసిన రోజు మళ్లీ మాట్లాడుకుందామన్నారు. ఆ రోజు రాలేదు. ఆ నిర్ణయం డాక్టరుదీ కుటుంబానిదీ. దాని మీద డబ్బు బరువు పెట్టింది మీరు. జబ్బు అదే, టీకా కార్డు అదే. షరతు తప్పామన్నది మీ నమ్మకమైతే చంపడానికి వర్తించిన పాలసీ బతికించడానికి ఎందుకు వర్తించదో నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి. ఆ ఫోన్ కాల్ రికార్డు మీ దగ్గర ఉంటుంది, వినండి.

లడ్డు కోలుకోవడానికి వారాలు పట్టింది. ముందు ఒక కన్ను తెరిచాడు. తర్వాత ఒక రోజు నా చేతిలో కొత్తిమీర కట్ట వాసన పట్టి తనంతట తానే ముందుకు వచ్చాడు. గడ్డలు పక్కు కట్టి రాలిపోయాయి, ముక్కు మీద ఒకచోట బొచ్చు ఇంకా రాలేదు. ఇప్పటి ఫోటోలు కూడా పంపుతున్నాను.

మీరు చేయాల్సినవి ఇవి. మా ఫైలును కుందేళ్ల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించి, తిరస్కరణను రద్దు చేయండి. పాలసీ ప్రకారం మేము పెట్టుకోవాల్సిన తొలి భాగం పోగా మిగిలిన మొత్తం, రికవరీ ఫుడ్, సెలైన్ సామగ్రితో కలిపి చెల్లించండి. టీకా షరతు పాటించలేదని మా కోడలి పేరు మీద మీ రికార్డులో రాసిన వాక్యాన్ని తొలగించి, తొలగించినట్టు లేఖ ఇవ్వండి. రేపు ఇంకో కంపెనీకి వెళ్లినా ఆ మచ్చ మమ్మల్ని వెంటాడకూడదు. టీకా ఉంటే రాదు అనే ఆ వాక్యం మీ లేఖల నమూనాలో ఉంటే అక్కడి నుంచి కూడా తీసేయండి. ఇదే జవాబు అందుకునే మిగతా కుందేళ్ల ఇళ్లలో అందరికీ ఇలా కూర్చుని రాసే తీరిక ఉండదు. ఏటా టీకా వేయించమని ఈ దేశంలో కుందేళ్ల సంక్షేమం చూసే రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ అనే సంస్థ కూడా చెబుతుంది. ఆ మాట విని వేయించినవాళ్లకే బీమా అందకపోతే జనానికి టీకా మీద నమ్మకం పోతుంది.

ఫిర్యాదు అందిన ఎనిమిది వారాల్లోపు మీరు తుది జవాబు ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కు వెళ్తాం. ఆ దరఖాస్తు మా అబ్బాయి ఇప్పటికే నింపి పెట్టాడు.

టీకా కార్డు నకలు, డాక్టరు లేఖ, బిల్లులు, మందుల చీటీలు, తిండి వివరాలు రాసుకున్న నోటుపుస్తకం నకలు, తేదీల వారీగా ఫోటోలు దీనితో ఉన్నాయి. అసలు కాగితాలు చూడాలంటే మా కోడలికి కబురు పెట్టండి, సాయంత్రం ఆరు దాటాక అయితే ఫోన్ ఎత్తుతుంది.

ఇట్లు,
మీ పాలసీదారు అత్తగారు
రీడింగ్